న్యాయ సందేహాలు: మాట కోసం కోర్టుకెక్కిన మామూలు మనుషులు

విశాఖపట్నం నుంచి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మాట్లాడే హక్కు గురించే ఉన్నాయి. అందుచేత వీలునామాలు, గోడ తగాదాలు, అద్దె బకాయిల ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చదువుతోంది. భావప్రకటన స్వేచ్ఛ కేసులన్నీ పత్రికలవాళ్ళవీ, సినిమావాళ్ళవీ, నాయకులవీ అని నేనంటే, బడిపిల్లలు గెలిచిన కేసు కూడా ఉందని వాదిస్తోంది. నిజమేనా, వివరంగా చెప్పగలరా?
— ఒక గృహిణి, ఎం.వి.పి. కాలనీ

జవాబు: మీ అమ్మాయి మాటే నిజం. అయితే మీ అభిప్రాయమూ ఊరికే పుట్టలేదు. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన 1950లోనే సుప్రీంకోర్టుకు చేరిన తొలి భావప్రకటన కేసులు పత్రికలవే. బొంబాయి నుంచి వెలువడే క్రాస్ రోడ్స్ అనే వారపత్రిక మద్రాసు రాష్ట్రంలో అడుగుపెట్టరాదని అప్పటి ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. విశాఖపట్నం కూడా అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోదే కాబట్టి ఆ నిషేధం ఇక్కడి పాఠకులకూ వర్తించింది. ఆ పత్రిక సంపాదకుడు రొమేష్ థాపర్ వేసిన కేసులో ఆ నిషేధం చెల్లదని 1950 మే నెలలో తీర్పు రాగా, మరుసటి ఏడాదే మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి, ప్రభుత్వం మాట మీద ఆంక్ష పెట్టడానికి చూపగల కారణాల జాబితాను పెంచింది. ఆ ఆంక్ష సహేతుకంగా ఉండి తీరాలన్న షరతు కూడా ఆ సవరణతోనే వచ్చింది.

మీ అమ్మాయి ప్రస్తావించినది బిజో ఇమ్మాన్యుయేల్ కేసు అయి ఉంటుంది. కేరళలో కొట్టాయం జిల్లా కిడంగూరు హైస్కూలులో ముగ్గురు తోబుట్టువులు పదో తరగతి, తొమ్మిదో తరగతి, ఐదో తరగతి చదువుతుండేవారు. వారిది యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ. ఉదయం బడిలో జాతీయ గీతం మొదలుకాగానే వారు అందరితో పాటు లేచి మర్యాదగా నిలబడేవారు కాని, గొంతు కలిపేవారు కాదు. దేవుణ్ణి తప్ప మరి దేనినీ కీర్తించరాదన్నది వారి విశ్వాసం. చాలాకాలం ఇది ఎవరికీ పట్టలేదు. 1985లో ఒక శాసనసభ్యుడు దీనిని గమనించి సభలో లేవనెత్తడంతో విచారణ జరిగింది. పిల్లలు బుద్ధిమంతులేననీ, గీతాన్ని అగౌరవపరచలేదనీ ఆ విచారణలోనే తేలింది. అయినా విద్యాశాఖ అధికారి ఆదేశం మేరకు ప్రధానోపాధ్యాయురాలు జూలైలో ముగ్గురినీ బడి నుంచి తీసివేశారు.

కేరళ హైకోర్టులో మొదట ఏకసభ్య ధర్మాసనం, తరువాత ద్విసభ్య ధర్మాసనం కూడా ఆ పిల్లల వాదనను తోసిపుచ్చాయి. సుప్రీంకోర్టులో 1986 ఆగస్టు 11న తీర్పు చెప్పినవారు, అంతకు ముందు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. జాతీయ గీతం పాడి తీరాలని ఏ చట్టమూ చెప్పడం లేదనీ, 1971 నాటి జాతీయ గౌరవ చట్టం గీతాలాపనను అడ్డుకునేవారిని, భంగం కలిగించేవారిని మాత్రమే శిక్షిస్తుందనీ, చట్టబద్ధత లేని శాఖాపరమైన సర్క్యులర్ ఆధారంగా ప్రాథమిక హక్కును తీసెయ్యడం కుదరదనీ ఆయన రాశారు. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం ఇచ్చే మాట్లాడే హక్కులో మౌనంగా ఉండే హక్కు కూడా ఉందని ఆ తీర్పుతో స్థిరపడింది.

ఈ కేసులో నాకు అన్నింటికంటే విలువైనదిగా తోచేది మరొకటి ఉంది. ఆ పిల్లల నమ్మకం సబబైనదా అన్న విచారణలోకి న్యాయమూర్తి దిగలేదు. అది మన బుద్ధికి నచ్చుతుందా లేదా అన్నది ప్రశ్న కాదని, పిల్లలు దానిని చిత్తశుద్ధితో పాటిస్తున్నారా అన్నదే ప్రశ్న అని స్పష్టంగా చెప్పారు. నిజానికి మనలో చాలామందికి ఆ పిల్లల వైఖరి నచ్చకపోవచ్చు, జాతీయ గీతం పాడితే ఏం పోయిందని విసుక్కోవచ్చు కూడా. మాట్లాడే హక్కు కేసుల్లో కోర్టు ముందున్న ప్రశ్న ఆ మాట మంచిదా చెడ్డదా అన్నది కాదు, దానిని ఆపే అధికారం ఆపినవారికి ఎక్కడి నుంచి వచ్చింది అన్నది. కింద చెప్పబోయే కేసులను కూడా మీ అమ్మాయి ఈ దృష్టితో చదివితే బాగుంటుంది.

ప్రశ్న: మా కాలనీ వాట్సాప్ గ్రూపులో, మురుగు కాలువల పూడిక తీయడం లేదని, సంబంధిత అధికారులు నిద్రపోతున్నారని రాశాను. గ్రూపులోని ఒక పెద్దమనిషి, ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కింద మూడేళ్ళు జైలు పడుతుందని, వెంటనే తీసెయ్యమని హెచ్చరించారు. తీసేశాను గాని మనసు ఒప్పుకోవడం లేదు.
— ఒక చిన్న వ్యాపారి, గాజువాక

జవాబు: ఆ పెద్దమనిషి చెప్పిన సెక్షన్ 2015 మార్చి 24 నుంచి లేదు. ఒకప్పుడు ఉండేది, మూడేళ్ళ వరకు శిక్ష కూడా ఉండేది. 2012 నవంబరులో బాల్ ఠాక్రే మరణించినప్పుడు ముంబయి మూతపడడాన్ని ప్రశ్నిస్తూ పాల్ఘర్‌కు చెందిన ఒక యువతి ఫేస్‌బుక్‌లో నాలుగు మాటలు రాసింది, స్నేహితురాలు దానికి లైక్ కొట్టింది. పోలీసులు ఇద్దరినీ అరెస్టు చేశారు. ఈ వార్త చూసి శ్రేయా సింఘాల్ అనే 21 ఏళ్ళ విద్యార్థిని సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. న్యాయవాదుల కుటుంబంలో పుట్టిన పిల్ల కాబట్టి ఆమెను పూర్తిగా సామాన్యురాలు అనలేము. ఆమెకు కోర్టు దారి తెలుసు. కాని అసలు అరెస్టయిన ఇద్దరూ మీలాగా, నాలాగా ఫోనులో తోచింది రాసుకున్నవారే.

ఆ కేసు విన్న ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరైన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ కృష్ణా జిల్లావారు, న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నది మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. తీర్పు రాసినవారు జస్టిస్ రోహింటన్ నారిమన్. చిరాకు కలిగించడం, ఇబ్బంది కలిగించడం వంటి మాటలకు హద్దు ఎక్కడో చట్టం చెప్పలేదని, ఒకరికి చిరాకు కలిగించేది మరొకరికి కలిగించకపోవచ్చని, ఇంత అస్పష్టమైన నేరాన్ని పౌరుల నెత్తిన పెట్టడం చెల్లదని తేల్చారు. ఒక విషయాన్ని చర్చించడం, దానిని గట్టిగా సమర్థించడం నేరం కావని, నేరానికి పురికొల్పే దశకు చేరినప్పుడే చట్టం జోక్యం చేసుకోవచ్చని విడమరచి చెప్పడం ఆ తీర్పులోని ముఖ్య భాగం.

అయితే కొట్టివేసిన సెక్షన్ పోలీసు స్టేషన్ల నుంచి అంత తొందరగా పోలేదు. ఏళ్ళ తరువాత కూడా దాని కింద కేసులు పెడుతూనే ఉన్నారని పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ అనే పౌరహక్కుల సంస్థ మళ్ళీ సుప్రీంకోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. 66ఏ కింద ఎవరినీ విచారించరాదని 2022 అక్టోబరులో కోర్టు మరొకసారి ఆదేశించవలసి రావడం, నా దృష్టిలో, మొదటి తీర్పు కంటే ఎక్కువ ఆలోచించవలసిన సంగతి. పాలకులూ పోలీసులే కాదు, మీ గ్రూపులోని పెద్దమనిషి కూడా ఆ చచ్చిన సెక్షన్‌నే పట్టుకుని మిమ్మల్ని భయపెట్టగలిగారు గదా!

వాట్సాప్ రాతల మీదే సూటిగా వచ్చిన తీర్పు కూడా ఉంది. కొల్హాపూర్‌లోని ఒక కళాశాల అధ్యాపకుడు జావేద్ అహ్మద్ హజం 2022లో తన వాట్సాప్ స్టేటస్‌లో, కాశ్మీరు ప్రత్యేక ప్రతిపత్తిని తీసివేసిన ఆగస్టు 5ను చీకటి దినమని రాసుకున్నారు. ఆగస్టు 14న పాకిస్తాన్‌కు స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలు పెట్టారు. వర్గాల మధ్య వైషమ్యం రేపారని కేసు పెడితే బొంబాయి హైకోర్టు దానిని కొట్టివేయడానికి నిరాకరించింది. సుప్రీంకోర్టు 2024 మార్చి 7న కొట్టివేసింది. ప్రభుత్వ నిర్ణయాన్ని విమర్శించే హక్కు ప్రతి పౌరుడికీ ఉందని, ఒక మాట ప్రభావాన్ని స్థిరచిత్తులైన, వివేకవంతులైన మనుషుల దృష్టితో కొలవాలే తప్ప, ప్రతి దానిలోనూ ప్రమాదాన్ని చూసే బలహీన మనస్కుల దృష్టితో కాదని చెప్పింది. 19(1)(ఎ) అధికరణం గురించి పోలీసు యంత్రాంగానికి పాఠం చెప్పవలసిన సమయం వచ్చిందని కూడా ఆ తీర్పులో రాశారు.

ఇక మీ కాలువ సంగతి. నక్కీరన్ పత్రిక సంపాదకుడు ఆర్. రాజగోపాల్ కేసులో 1994లో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి చెప్పిన సూత్రం మీకు నేరుగా పనికివస్తుంది: ప్రభుత్వం గాని, స్థానిక సంస్థ గాని తమ పరువు పోయిందని నష్టపరిహారం దావా వేయలేవు, ప్రభుత్వోద్యోగులు కూడా తమ విధి నిర్వహణకు సంబంధించిన విమర్శ మీద, అది అబద్ధమని తెలిసీ లేదా నిజానిజాలను బొత్తిగా లెక్కచేయకుండా చేసినదని చూపితే తప్ప, అటువంటి పరిహారం పొందలేరు. ఈ సూత్రం ఎవరి ఆత్మకథ పుణ్యమా అని వచ్చిందో చూడండి. హత్యల కేసుల్లో మరణశిక్ష పడి జైల్లో ఉన్న ఆటో శంకర్ అనే ఒకప్పటి ఆటో డ్రైవర్ తన జీవితకథలో అధికారుల పేర్లు బయటపెట్టబోతే, దానిని అచ్చు వేయరాదని పై అధికారులు పత్రికను బెదిరించారు. అంతటి నేరస్థుడి రాత విషయంలోనూ ముందుగా అడ్డుపడే అధికారం ప్రభుత్వానికి లేదని కోర్టు అన్నది.

కాబట్టి అధికారులు నిద్రపోతున్నారన్న మీ వ్యాఖ్య అభిప్రాయం కిందికి వస్తుంది, నిక్షేపంగా రాసుకోవచ్చు. కాని ఫలానా అధికారి పేరు పెట్టి కాంట్రాక్టరు దగ్గర డబ్బు తిన్నాడని రుజువు లేకుండా రాస్తే అది వేరే సంగతి. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356 సెక్షన్ కింద పరువునష్టం ఇప్పటికీ నేరమే. రెండేళ్ళ వరకు సాధారణ జైలు శిక్ష ఉంది. ఆ నేరానికి వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయలేరు. ఫిర్యాదుదారు మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళాలి. ఇంకొకటి, మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల విషయంలో, ఎఫ్ఐఆర్ నమోదుకు ముందే డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపే వీలు, పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173(3)లో ఉంది. మాటలకు, రాతలకు సంబంధించిన అటువంటి ఫిర్యాదుల్లో ఆ విచారణ జరపడమే సబబని 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు సూచించింది.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. మా సంఘం జీవీఎంసీ గాంధీ విగ్రహం దగ్గర పెట్టే ధర్నాలో కూర్చోవాలని ఉంది. పాఠశాల నిధుల ఖర్చు గురించి పత్రికకు ఉత్తరం రాయాలనీ ఉంది. ఉద్యోగానికి ఎసరు వస్తుందని ఇంట్లో భయపడుతున్నారు.
— మధురవాడ

జవాబు: రెండింటికీ ఒకే జవాబు ఇవ్వలేను. ధర్నా విషయంలో మీకు అండగా ఉన్నది కామేశ్వర్ ప్రసాద్ కేసు. ఉద్యోగ షరతులకు సంబంధించి ఏ ప్రదర్శనలోనూ పాల్గొనరాదు, సమ్మె చేయరాదు అని బీహారు ప్రభుత్వం తన ఉద్యోగులకు నియమం పెడితే, దానిని సవాలు చేసినవారు మంత్రులూ కాదు, మహానాయకులూ కాదు, ఆ ప్రభుత్వంలో పనిచేసే ఉద్యోగులే. ప్రదర్శన కూడా భావాన్ని వెల్లడించే పద్ధతేనని, ఉద్యోగంలో చేరినంత మాత్రాన పౌరుడు ప్రాథమిక హక్కులను గుమ్మం బయట వదిలి రానక్కరలేదని 1962లో సుప్రీంకోర్టు ఆ నియమంలో ప్రదర్శనలను నిషేధించిన భాగాన్ని కొట్టివేసింది. సమ్మె నిషేధాన్ని మాత్రం అలాగే ఉంచింది. తమిళనాడు ఉద్యోగుల కేసులో 2003లో మరింత కఠినంగా మాట్లాడింది. అందుచేత సెలవు పెట్టి, శాంతియుతంగా కూర్చోండి. పాఠాలు మానేసి కూర్చోకండి.

వీధుల్లో సభలకు సంబంధించి హిమత్ లాల్ షా కేసు 1972 నుంచి ఉంది. అహ్మదాబాదు పోలీసులు విద్యార్థుల సభకు అనుమతి నిరాకరించిన వ్యవహారం అది. రోడ్డు మీద సభను క్రమబద్ధం చేయవచ్చు గాని, ఇష్టం వచ్చినట్టు నిరాకరించే అధికారాన్ని చేతిలో పెట్టుకోరాదని రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మన రాష్ట్రంలో కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల తరువాత 2023 జనవరిలో రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ వచ్చిన జీవో నంబరు 1ని హైకోర్టు అదే ఏడాది మే నెలలో కొట్టివేసింది. అనుమతి కోసం సంఘం తరఫున ముందుగా రాతపూర్వకంగా దరఖాస్తు చేయడం, నిరాకరిస్తే కారణం కూడా రాతలో అడగడం మరిచిపోకండి.

పత్రికకు ఉత్తరం విషయంలో నేను మిమ్మల్ని ప్రోత్సహించలేను. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన మార్విన్ పికరింగ్ అనే ఉపాధ్యాయుడు, స్కూలు బోర్డు చదువుల కంటే ఆటలకు ఎక్కువ ఖర్చు పెడుతోందని స్థానిక పత్రికకు ఉత్తరం రాసి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఉత్తరంలో కొన్ని లెక్కలు తప్పు కూడా. తెలిసి ఆడిన అబద్ధం కానప్పుడు, ప్రజలకు సంబంధించిన విషయం మీద మాట్లాడినందుకు ఉపాధ్యాయుణ్ణి తీసివేయరాదని 1968లో అక్కడి సుప్రీంకోర్టు అన్నది. తీర్పు చక్కగా ఉంది గాని, మన కోర్టులు దానికి కట్టుబడవు. ఇక్కడి ప్రవర్తనా నియమాలు ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించే ఉద్యోగి పట్ల కటువుగానే ఉన్నాయి. ముందుగా సమాచార హక్కు చట్టం కింద ఖర్చుల వివరాలు తీసుకోండి. వాటి ఆధారంగా ఉత్తరాన్ని విద్యార్థుల తల్లిదండ్రులో, మీ సంఘమో రాయడం మేలు.

ప్రశ్న: స్వేచ్ఛ ఉంది గదా అని ప్రభుత్వాన్ని నోటికి వచ్చినట్టు తిట్టవచ్చా? అది రాజద్రోహం కాదా?
— ఒక విశ్రాంత ఉద్యోగి, సీతమ్మధార

జవాబు: తిట్టు ఒక్కటే అయితే కాదు. 1953లో బీహారులోని బరౌనీలో కేదార్‌నాథ్ సింగ్ అనే స్థానిక కమ్యూనిస్టు కార్యకర్త, ఊళ్ళో తిరుగుతున్న సీఐడీలను కుక్కలని, పాలకులను గూండాలని సభలో దుయ్యబట్టాడు. ఏడాది కఠిన శిక్ష పడింది. 1962లో సుప్రీంకోర్టు రాజద్రోహ సెక్షన్ చెల్లుతుందని అంటూనే, హింసకు లేదా శాంతిభద్రతల భంగానికి పురికొల్పే మాటలకే దానిని పరిమితం చేసింది. విచిత్రం ఏమిటంటే, ఆ పరిమితిని సాధించిపెట్టిన కేదార్‌నాథ్ సింగ్ తన అప్పీలు ఓడిపోయాడు. గెలిచినవారు తరువాతి తరంవారు: ఇందిరాగాంధీ హత్య జరిగిన 1984 అక్టోబరు 31న చండీగఢ్‌లో వేర్పాటువాద నినాదాలు చేసిన ఇద్దరు ఉద్యోగులను, జనంలో ఎవరూ స్పందించని ఆ రెండు మూడు నినాదాలు నేరం కావని 1995లో సుప్రీంకోర్టు విడుదల చేసింది. ఆ నినాదాలు అసహ్యమైనవి. అయినా విడుదల చేసింది. పాత 124ఏ సెక్షన్‌ను 2022 మే నెలలో కోర్టు నిలిపివేసింది. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి న్యాయ సంహితలో 152 సెక్షన్ ఉంది. దాని మీద అసలు పరీక్ష ఇంకా ముందుంది.

ప్రశ్న: ఇన్ని కేసులు చెబుతారు గాని, కోర్టుకు వెళ్ళిన మామూలు మనిషికి చివరికి మిగిలేది ఏమిటి? మత్స్యకార కుటుంబం మాది, లాయరు ఫీజు ఎక్కడ తేగలం?
— భీమిలి

జవాబు: మిగిలేది తక్కువే. మీ దగ్గర దాచను. అమెరికాలో డెమోయిన్ పట్టణంలో 1965 డిసెంబరులో వియత్నాం యుద్ధానికి నిరసనగా చేతికి నల్లపట్టీ కట్టుకుని బడికి వెళ్ళి బయటికి పంపబడిన మేరీ బెత్ టింకర్‌కు అప్పుడు పదమూడేళ్ళు; ఆమెకు అనుకూలంగా తీర్పు వచ్చింది 1969 ఫిబ్రవరిలో. ఇంగ్లండులో మెక్‌డొనాల్డ్స్ మీద కరపత్రం పంచినందుకు ఆ కంపెనీ వేసిన పరువునష్టం దావాలో, క్షమాపణ చెప్పనని మొండికేసిన ఇద్దరిలో ఒకరు చిన్నాచితకా పనులు చేసుకునే స్త్రీ హెలెన్ స్టీల్, మరొకరు ఒకప్పటి పోస్ట్‌మ్యాన్ డేవిడ్ మోరిస్. అక్కడ అటువంటి దావాలకు ఉచిత న్యాయ సహాయం లేదు. ఇద్దరూ లాయరు లేకుండా తామే వాదించుకున్నారు. విచారణ 313 రోజులు సాగింది. 1997లో అరవై వేల పౌండ్లు చెల్లించమని తీర్పు వచ్చింది, అప్పీలులో అది నలభై వేలకు తగ్గింది. 2005లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం, అంత పెద్ద కంపెనీ ముందు న్యాయ సహాయం లేకుండా వారిని నిలబెట్టడం న్యాయమైన విచారణ హక్కుకూ, భావప్రకటన హక్కుకూ విరుద్ధమని అన్నది.

ఆ ఒక్క విషయంలో మన దేశం నయం. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. మిగిలినవారికి ఆదాయ పరిమితి ఉంది. విశాఖపట్నం జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్ళవచ్చు లేదా 15100కు ఉచితంగా ఫోను చేయవచ్చు. ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే 226 అధికరణం కింద అమరావతిలోని హైకోర్టులో రిట్ వేయడానికి కూడా లాయరును ఆ వ్యవస్థ ద్వారానే అడగవచ్చు. పోలీసులు స్టేషనుకు రమ్మంటే నోటిమాట మీద వెళ్ళకుండా, నాగరిక సురక్షా సంహిత 35(3) కింద రాతపూర్వక నోటీసు అడగండి. నోటీసు వచ్చాక మాత్రం తప్పకుండా వెళ్ళండి, వెళ్ళకపోతే అరెస్టుకు మీరే కారణం కల్పించినట్టవుతుంది. వెళ్ళేటప్పుడు ఆ నోటీసు నకలు, మీరు రాసిన సందేశం మొత్తం, దానికి ముందూ వెనుకా గ్రూపులో జరిగిన సంభాషణతో సహా తేదీ కనిపించేలా తీసిన స్క్రీన్‌షాట్లు దగ్గర ఉంచుకోండి. బెదిరి సందేశాన్ని తుడిచేస్తే, అసలు మీరేమి రాశారో చూపించే ఆధారం ఎదుటి పక్షం దగ్గర మాత్రమే మిగులుతుంది.